హార్డు డిస్కునకు అంటుకట్టుట

ఖరీఫు ఋణము లిచ్చు దినములలో సంఘ కార్యాలయమందలి కంప్యూటరు ఒక యుదయమున లేవకపోయినచో నేమగునో మన సభ్యుల కెఱుకయే. కార్యదర్శి మఱల మఱల మీట నొక్కును. నల్లని తెరపై రెండు వరుసల తెల్లని యక్షరములు కనబడి యంతటితో నిలిచిపోవును. వసారాలో రైతులు పాసుపుస్తకములు చేతబట్టుకొని కూర్చుండియుందురు. మరమ్మతుచేయువాడు పట్టణమునుండి రావలయును. అతడు వచ్చి, డిస్కు చెడినదని చెప్పి, క్రొత్తది వేసి, విండోసు మొదలు ప్రింటరు వఱకు నన్నియు తిరిగి యమర్చుటకు రెండు మూడు దినములు పట్టవచ్చును. విత్తనపు టదను అంతవఱకు నాగదు. ముందుగనే సిద్ధపఱచిన నకలు డిస్కు ఇనుపపెట్టెలో నున్నచో దానిని మార్చి వేసికొని ఆ పూటయే పని సాగింపవచ్చును.

సంఘపు లెక్కలిపుడు దూరపు సర్వర్లలో నుండును గదా యని కొందఱనవచ్చును. 2022 జూను 29 వ తేదీన కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను 2,516 కోట్ల రూపాయల యంచనాతో కంప్యూటరీకరించుట కంగీకరించిన మాట నిజము. అయినను ఆ యుమ్మడి సాఫ్ట్‌వేరును తెఱచుటకైనను బల్లమీది కంప్యూటరు లేవవలయును గదా. మఱియు మహాజనసభ తీర్మానములు, ఎరువుల గోదాము పట్టికలు, స్కాను చేసిన దస్తావేజులు, బ్యాంకుతో నడచిన యుత్తరములు మొదలగునవి ఆ యొక్క డిస్కునందే యుండవచ్చును.

ఫైళ్లను పెన్‌డ్రైవులోని కెక్కించుకొనుచున్నాము, అది చాలదా? చాలదు. మీట నొక్కగనే కంప్యూటరు బోర్డుమీద నుండు చిన్న ప్రోగ్రాము మేల్కొని, ప్రారంభపు టాజ్ఞలకై డిస్కునం దొక నియతస్థలమును వెదకును. పాత యంత్రములలో ఆ స్థలము డిస్కు మొట్టమొదటి 512 బైట్ల గడి. క్రొత్తవానిలో నిందుకై ప్రత్యేకముగా విడిచియుంచిన చిన్న భాగము. ఆ యాజ్ఞలే విండోసును లేపును. దీనినే బూటగుట యందురు. మామూలుగా ఫైళ్లను నకలు చేయునపుడు ఈ యాజ్ఞలు వెంటరావు. అంతేకాక, విండోసు నడచుచుండగా తాను వాడుకొనుచున్న కొన్ని ఫైళ్లను ముట్టనీయదు. ఫైళ్ల నకలు పండ్లబుట్ట వంటిది, చెట్టు కాదు.

చెట్టే కావలెనన్న అంటుకట్టవలయును. కంప్యూటరువారు వాడు క్లోను అను మాట యసలు వ్యవసాయమునకు సంబంధించినదే. గ్రీకు భాషలో చిన్నకొమ్మ యను నర్థముగల పదమునుండి దానిని గైకొని, 1903లో అమెరికా వ్యవసాయశాఖకు చెందిన హెర్బర్టు వెబ్బరు, విత్తనముచే గాక అంటులచేతను కొమ్మలచేతను దుంపలచేతను వృద్ధిచేయబడు మొక్కలకు వాడెను. బంగినపల్లి టెంక నాటినచో బంగినపల్లియే కాయునన్న నమ్మకము లేదు. అంటు కట్టినచో గలదు.

డిస్కునకిట్లు అంటుకట్టు సాధనములలో క్లోన్‌జిల్లా యనునది పేరుగాంచినది. (ఈ జిల్లాకును కలెక్టరుగారి జిల్లాకును సంబంధము లేదు.) తైవాను దేశపు జాతీయ కంప్యూటింగు కేంద్రమున స్టీవెన్ షియావు గారును వారి సహచరులును దీనిని తయారుచేసిరి. ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. ఎవరైనను వెల యీయక దింపుకొని వాడవచ్చును, పొరుగు సంఘమున కీయవచ్చును, తెలిసినవారు లోపలి వ్రాతను జూచి మార్చుకొనవచ్చును. పదిమంది కూడి చేసి పదిమందికి విడిచిన వస్తువగుటచే సహకార సంఘీయుల కిది వింతగా దోపదు. క్లోన్‌జిల్లా తెరపై మౌసు పనిచేయదు, అంతయు నక్షరముల పట్టికలే. దానికి జంకువారు రెస్క్యూజిల్లా యనుదానిని వాడుట మేలు. అది బొమ్మలతో గూడిన తెర గలిగి, క్లోన్‌జిల్లా తీసిన నకళ్లను సైతము చదువగలదు.

ఈ సాధనమును 8 జీబీ పెన్‌డ్రైవులో నెక్కించి, ఆ పెన్‌డ్రైవునుండియే కంప్యూటరును లేపవలయును. అపుడు పెన్‌డ్రైవులోని లినక్సు పనిచేయును. విండోసు నిద్రలోనే యుండును గనుక డిస్కుమీద నేదియు కదలదు. 500 జీబీ డిస్కులో 60 జీబీ మాత్రమే నిండియున్నచో, సాధారణముగా నిండిన గడులనే చదివి తీసికొనును. నకలు రెండు విధములు. మొదటిది, డిస్కు నంతటిని మూటగట్టి వేఱొక పెద్ద డిస్కులో దాచుట. ఇట్టి మూటలు పలు నెలలవి యొక్కచోటనే యుంచవచ్చును, కాని కావలసినపుడు విప్పి క్రొత్త డిస్కుమీద పఱచవలయును. రెండవది, డిస్కునుండి డిస్కునకు నేరుగా దించుట. ఇది వెంటనే బూటగును. స్తోమత గల సంఘము రెండును చేయుట మంచిది. ఒక్కటే యనినచో చిన్న సంఘమునకు రెండవదియే నా యభిప్రాయమున ఉపయుక్తము.

ఈ పనిలో సర్వనాశనము చేయు పొరపాటొకటి కలదు. ఏ డిస్కునుండి తీయవలెనో, ఏ డిస్కుమీదికి దించవలెనో తాఱుమాఱైనచో ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కును తుడిచివేయును. దించబడు డిస్కుమీద నంతకు ముందున్నదేదియు మిగులదు. సాధనము మఱల మఱల ‘నిశ్చయమా’ యని యడుగును, విసుగుతో నొత్తివేయరాదు. డిస్కుల తయారీదారు పేరు, పరిమాణము కాగితముపై వ్రాసికొని, కార్యదర్శి చదువగా పాలకవర్గ సభ్యుడొకడు తెరతో సరిచూడవలయును. రోకటి విడిచి గింజలు తూచునపుడు ఇద్దఱుండుట మన కలవాటే గదా.

నకలు డిస్కు అసలుదానికి సమానముగానో పెద్దదిగానో యుండవలయును. రెండింటిపైనను 500 అని యుండియు నొకటి కొంచెము తక్కువ కావచ్చును గనుక, పెద్దదే కొనుడు. విండోసును మూయునపుడు షిఫ్టు మీట నొక్కిపట్టి మూయవలయును. లేనిచో అది పూర్తిగా నిద్రపోక, నకలు తీయుట కడ్డు వచ్చును. బిట్‌లాకరు తాళము వేసియున్న డిస్కునకు 48 అంకెల తాళపుసంఖ్య ముందుగా కాగితముపై నుండవలయును. విండోసు అనుమతి అసలు కంప్యూటరునకే. నకలు వేఱొక యంత్రమున కనుమతి కాదు.

నకలు తీసిన దినముననే అసలు డిస్కును విప్పి ప్రక్కనుంచి, నకలును వేసి లేపి చూడవలయును. రెండును తగిలించి లేపరాదు, ఒకే గుర్తులు గలవగుటచే యంత్రము తడబడవచ్చును. లేచినదా, ప్రింటరు పలికినదా, తీర్మానముల పుస్తకము తెఱచుకొన్నదా యని చూచినగాని ఆ నకలును లెక్కలోని కెక్కింపరాదు. క్లోన్‌జిల్లా మార్పులను మాత్రమే తీయు పద్ధతి నెఱుగదు. ప్రతిసారి యంతయు తీయవలసినదే. కావున నెలకొకమాఱు ఇది, దినదినము ఫైళ్ల నకలు వేఱుగా. నకలును కార్యాలయమునకు దూరముగా, సభ్యుల దస్తావేజులున్నవి గనుక తాళములో, తేదీ వ్రాసి యుంచవలయును.

డిస్కు ఇప్పటికే టకటక శబ్దము చేయుచున్నచో క్లోన్‌జిల్లాతో మాటిమాటికి ప్రయత్నింపరాదు. అట్టిదానికి గ్నూ డీడీరెస్క్యూ యను వేఱొక స్వేచ్ఛా సాధనము కలదు. అది ముందు సులభముగ చదువబడు గడులను తీసికొని, చెడినవాని జాబితా వ్రాసికొని, తరువాత వానియొద్దకు మఱలివచ్చును. నడుమ ఆపినను ఆ జాబితాను బట్టి విడిచినచోటినుండి సాగించును.