భోగిమంటకి ముందు

నరసాపురం,
మార్గశిర మాసం.

చి. సౌ. అమ్మడికి పెద్దమ్మ దీవెనలు.

మీ అమ్మ నీ దగ్గర వదిలి వెళ్లిన రెండు ట్రంకుపెట్టెల కాగితాలూ, నువ్వు కొన్న మగ్గం డిజైన్ల పుస్తకాలూ, పత్రికల కత్తిరింపులూ మొత్తం భోగిమంటలో వేసేస్తానని మొన్న ఫోనులో అన్నావు. కోపంలో అన్నావని తెలుసు. అల్మారా తలుపు తీసినప్పుడల్లా కట్టలు మీద పడుతుంటే ఎవరికైనా కోపం వస్తుంది. ఫోనులో చెబితే సగం విని "సరే పెద్దమ్మా" అంటావు. అందుకని ఉత్తరం రాస్తున్నాను.

ఈ విషయంలో నాకు బుద్ధి చెప్పింది గోదారే. 1986 ఆగస్టు వరదనాటికి మా కాపురం లంకలో. నీళ్లు ఇంట్లోకి నడుం లోతున వచ్చాయి. పిల్లల్నీ బియ్యం డబ్బానీ అటకెక్కించాం గానీ మంచం కింద నా పెట్టె ఎవరికీ గుర్తు రాలేదు. నీళ్లు తీశాక మూత తెరిస్తే పన్నెండేళ్ల డిజైన్లన్నీ ఒకే ముద్ద, పచ్చి అప్పడాల పిండిలాగ. నాలుగు రోజులు ఏడ్చాను. ఆ తరవాత జరిగింది చిత్రం. అందులో వందల కాగితాలుండేవి కదా, మళ్లీ కావాలని నేను ఊళ్లు తిరిగి అడుక్కున్నవి మూడే మూడు. మా అత్తగారి నోటుబుక్కులోంచి ఎవరెవరో ఎక్కించుకున్న ముగ్గులు, మీ అమ్మా నేనూ కలిసి గుచ్చిన పొట్టి హంసల బార్డరు, చంక దగ్గర ముడత పడకుండా కుదిరే మా ఆడపడుచు జాకెట్టు కాగితం. తక్కినవి ఏమేం పోయాయో అప్పుడే మర్చిపోయాను.

అందుకని కాగితం చేతిలోకి తీసుకుని "బాగుందా?" అనుకోకు. అన్నీ బాగానే ఉంటాయి, బాగుండబట్టే కదా దాచారు. "ఇది తడిసిపోతే ఎవరింటి గుమ్మం ఎక్కి అడుగుతాను?" అనుకో. అడగనన్నవి తీసేయడానికి చెయ్యి అంతగా వణకదు.

మీ అమ్మ బటర్ పేపర్లని లైటుకి అడ్డం పట్టి చూడు. గీతల వెంబడి సూది బెజ్జాలు కనిపిస్తే ఆ డిజైను చీర మీదికి దిగిందన్నమాట. మగ్గం పనివాళ్లు ఖాకా అంటారే, అదే. కిరసనాయిల్లో పొడి కలిపి గుడ్డతో రుద్దితే బెజ్జాల్లోంచి బట్ట మీద చుక్కలు పడతాయి. ఆ మరకలు చూసి మురికి కాగితమని విసిరేసేవు, జాగ్రత్త. పెట్టెలో ఎక్కువ పని చేసింది అదే. బెజ్జాల్లేనివి మీ అమ్మ ముచ్చటపడి గీసుకున్నవి, ఆ ముచ్చట తీరి ముప్పై ఏళ్లయింది. అంచులు చిరుగుతున్న ఖాకాని కొత్త కాగితం మీదికి ఎక్కించి మళ్లీ గుచ్చు. సెల్లో టేపు మాత్రం వెయ్యొద్దు. కొన్నాళ్లకి గోధుమరంగుకి తిరిగి, టేపు ఊడిపోయి, జిగురూ మచ్చా మిగులుతాయి.

ముగ్గుల కత్తిరింపులు ఎన్నున్నా, చుక్కల లెక్క లేనివి ముందు పక్కన పెట్టు. కత్తెర తొందరలో బొమ్మ కింది ఆ ఒక్క వాక్యమే పోతుంది. మధ్యచుక్కతో 15 నుంచి 8 వరకు వెళ్లే ముగ్గు వేరు, ఎదురుచుక్కతో 15 నుంచి 1కి దిగేది వేరు. బొమ్మ చూసి లెక్కపెట్టుకుంటానంటావేమో, తెల్లవారుజామున చలిలో, వీధిలైటు కింద, మసక అచ్చులో లెక్కపెట్టు చూద్దాం! అయినా మీ ఫ్లాటు గుమ్మం ముందు 15 చుక్కలు ఎక్కడ పడతాయి? ఏడూ తొమ్మిదీ చుక్కలవి ఉంచుకుని, పెద్ద రథాలు వాకిలి ఉన్నవాళ్లకి ఇచ్చెయ్. ధనుర్మాసం వస్తోంది, కాదనేవాళ్లుండరు.

లేసు దగ్గర మాత్రం తొందరపడకు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన ఈ అల్లిక మా నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ల చేతుల్లో ఇన్నేళ్లు బతికింది పుస్తకాల వల్ల కాదు. మచ్చుముక్క చూసి అల్లారు. ఒకరు పువ్వులు అల్లితే ఇంకొకరు అతుకుపని చేశారు. 2024లో దీనికి జి.ఐ. గుర్తింపు కూడా వచ్చింది. పెట్టె అడుగున పాత దిండుగలీబులో చిన్నచిన్న లేసు ముక్కలుంటాయి చూడు, పీలికలనుకుని పారేస్తావని నా భయం. అసలు డిజైన్లు అవే. ఏ ముక్క ఏ కాగితానిదో తెలిస్తే రెండూ దారంతో కట్టు, గుండుసూది గుచ్చకు, ఈ సముద్రపు గాలికి తుప్పు పట్టినవి నేను బోలెడు చూశాను. ఇంగ్లీషు పుస్తకాల్లో ఒక తిరకాసు ఉంది. బ్రిటిష్ పుస్తకంలో డబుల్ క్రోషే అంటే అమెరికా లెక్కలో సింగిల్ క్రోషే. మీ అమ్మ పాత పుస్తకాలన్నీ బ్రిటిష్ లెక్కవే, నువ్వు ఫోనులో చూసే వీడియోల్లో చాలావరకు అమెరికా లెక్క. ఏది ఏ లెక్కో అట్ట మీద రాసిపెట్టకపోతే అల్లిన టేబుల్ క్లాతు రుమాలంత అవుతుంది. దారం రంగులూ అంతే. నలుపు డి.ఎం.సి.లో 310, యాంకర్‌లో 403. కంపెనీ పేరు లేని నంబరు దేనికీ పనికిరాదు.

జాకెట్టు కాగితాల మీద ఎవరిదో, ఏ ఏడాదిదో, కుట్టుకి వదిలిన అరంగుళం అందులో కలిసిందో లేదో రాయి. ఇవేవీ తెలియనివి పొయ్యి కిందికి. నీ పెళ్లినాటి కొలత కాగితం దాచి ఏం చేస్తావు, చూసి నిట్టూర్చడానికా?

ఫోటో తీసి కాగితం పారేస్తానన్నావు. ముగ్గులకి ఫరవాలేదు. ఖాకాకీ జాకెట్టుకీ పక్కన స్కేలు పెట్టి, సరిగ్గా పైనుంచి తియ్యి, లేకపోతే కొలత తప్పుతుంది.

అమ్మమ్మ దాచిన గృహలక్ష్మి సంచికలు నాలుగు ఆ పెట్టెలోనే ఉండాలి. కె.ఎన్. కేసరి గారు 1928లో మొదలుపెట్టిన పత్రిక అది. కుట్టు పేజీ కోసం వాటికి కత్తెర పెట్టావంటే నీతో మాట్లాడను. మీ ఊళ్లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది, ఇటువైపు వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. వాళ్ల దగ్గర లేనివేమో ముందు అడిగి అప్పుడు ఇవ్వు. మనకి బరువైనవన్నీ లైబ్రరీ నెత్తిన పెట్టకూడదు. ఇటీవలి వారపత్రికలు పాత పేపర్ల అబ్బాయికి వేసెయ్.

ఇక నీ సొంతానివి. ప్లాస్టిక్ కవరైనా విప్పని పుస్తకాలు మీ అమ్మ కాగితాలకంటే ఎక్కువున్నాయని నీకూ తెలుసు. పాపం, నెపం పెట్టెల మీద వేశావు. వాటిని ఈ సంక్రాంతికి కుట్టు నేర్చుకునే పిల్లలకి ఇచ్చెయ్. రెండు ఉంచుకో, మూడోది అడక్కు.

ఉంచినవి మడవకుండా బట్టల కొట్లో తాను చుట్టే అట్టగొట్టం అడిగి తెచ్చి దానికి చుట్టు. రబ్బరుబ్యాండు వేస్తే కరిగి అంటుకుంటుంది, పాత నూలుచీర అంచుతో కట్టు. ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి పెడితే వానాకాలంలో బూజు ఖాయం.

మీ అమ్మ "అన్నీ పారెయ్యవే, నాకు కళ్లే ఆనడం లేదు" అంటుంది, నమ్మకు. రోజుకో పది కాగితాలు పట్టుకుని బెంగుళూరులో ఉన్న అమ్మకి ఫోను చెయ్యి. ఏముందో చదివి వినిపిస్తే ఎవరి చీర కోసం గీసిందో చెబుతుంది. వెంటనే వెనకాల పెన్సిలుతో రాసెయ్.

భోగికి నేనక్కడే ఉంటాను. మంటలో వేసేవి గుమ్మం పక్కన కట్ట కట్టి ఉంచు, ముందు ఒకసారి చూస్తాను. పొట్టి హంసల ఖాకా నాది పోయింది కదా, మీ అమ్మది ఆ పెట్టెలోనే ఉండాలి. రెండో హంసకి మెడ వంకర ఉంటుంది, అది నేను గుచ్చిందే. కనబడితే మడవకుండా తీసిపెట్టు, వచ్చి పట్టుకెళ్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ