దూరదేశమునుండి ఛాయాచిత్రములు

పూర్వము విదేశమున నున్నవారి ఛాయాచిత్రము ఉత్తరముతో ఓడయెక్కి, వారములు గడచిన పిదప ఇల్లు చేరెడిది. 1997 జూన్ 11వ తేదీన కాలిఫోర్నియాలో ఫిలిప్ కాన్ అను నాతడు అప్పుడే జన్మించిన తన కుమార్తె చిత్రమును సెల్‌ఫోను సాయమున 2000 మందికి పైగా పంపెను. నేడు ఆ సౌకర్యము సామాన్యులకును కలదు.

అయినను ఒక జాగ్రత్త అవసరము. ఫోను పోయినచో అందలి చిత్రములును పోవచ్చును. ఇంటికి పంపిన ప్రతులే మిగులును. సందేశముగా పంపునప్పుడు చిత్రము తరచుగా కుదింపబడి, సూక్ష్మవివరములను కోల్పోవును. కావున చిరకాలము దూరదేశములందు సంచరించువారు మూలచిత్రములను కుదింపక పంపి, వేరొక చోటను భద్రపరుపవలెను. ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో తీసినదో రెండు మాటలు వ్రాయవలెను. ఎంతటి వింత కట్టడము వెనుక నున్నను, ఇంట నున్న తల్లి మొదట వెదకునది బిడ్డ ముఖమునే.