ఉత్తుత్తి అలారం నొక్కింది ఎవరు?

ఫస్టియర్ రెండో సెమ్ పరీక్షలప్పుడు మా హాస్టల్లో ఫైర్ అలారం పది రోజుల్లో మూడుసార్లు మోగింది. మూడుసార్లూ అర్ధరాత్రి దాటాకే, మూడుసార్లూ ఉత్తుత్తిదే. మొదటిసారి అందరం లుంగీలతో, షార్టులతో కిందికి పరుగెత్తాం. రెండోసారి సగం మందే దిగారు. మూడోసారి నేను ముసుగు తన్ని పడుకున్నాను.

మర్నాడు వార్డెన్ సార్ నా రూమ్మేట్‌ని పిలిపించారు. అలారం మోగిన టైముకి సీసీ కెమెరాలో కారిడార్లో నడుస్తూ కనిపించింది వాడే. బాటిల్లో నీళ్ళు నింపుకోడానికి వెళ్ళానంటే ఎవరూ నమ్మలేదు. ఇంటికి ఫోన్ వెళ్ళింది. తెల్లారేసరికి వాళ్ళ నాన్నగారు బస్సు దిగారు.

చదివేది కంప్యూటర్ సైన్స్ కదా, ఎవరు నొక్కారో ప్యానెల్‌లోనే లాగ్ ఉంటుంది, తీసి చూస్తే సరిపోతుంది అనుకున్నాను. ఎలక్ట్రీషియన్ అన్న మెట్ల కింద ఉన్న ప్యానెల్ తెరిచి చూపించాడు. లాగ్ లేదు, 'జోన్ 2' అని ఒక ఎర్ర లైటు ఉంది, అంతే.

పాత రకం ప్యానెల్ ఇలాగే ఉంటుంది. ఒక ఫ్లోర్‌లోని కాల్ పాయింట్లు (గోడకి ఉండే ఆ ఎర్ర డబ్బాలు) అన్నీ ఒకే జత వైర్ల మీద ఉంటాయి. లైన్ చివర ఒక రెసిస్టర్ పెడతారు. మామూలప్పుడు దానిగుండా కొద్దిపాటి కరెంటు పారుతుంటుంది. అది ఆగిపోతే వైరు తెగినట్టు, పెరిగితే ఎవరో నొక్కినట్టు. ఎక్కడ నొక్కారో ప్యానెల్‌కి తెలీదు. మన భాషలో చెప్పాలంటే హాష్ టేబుల్లో ఏ బకెట్టో తెలిసింది, ఏ కీనో తెలీలేదు. మిగతా వెతుకులాట కాళ్ళతోనే. కాల్ పాయింట్‌ని ఒకసారి నొక్కితే చిన్న తాళంచెవి పెట్టి రీసెట్ చేసేదాకా అది అలాగే ఉండిపోతుంది కాబట్టి, నడిచి వెళ్తే ఏది నొక్కారో దొరుకుతుంది. మాది కారిడార్ మలుపులో ఉన్నది. అక్కడికి కెమెరా అందదు.

కొత్త రకంలో, అంటే అడ్రసబుల్ ప్యానెల్‌లో, ప్రతి డబ్బాకీ ఒక నంబరు ఉంటుంది. ప్యానెల్ ఒక్కొక్కదాన్నీ వరసగా 'బాగున్నావా' అని పలకరిస్తూ తిరుగుతుంది. ఏది, ఏ సెకనుకి నొక్కారో రాసుకుంటుంది. ఆ టైము పట్టుకుని కెమెరా ఫుటేజీ చూస్తే మనిషి దొరుకుతాడు. కానీ రెండు గడియారాలూ ఒకే టైము చెప్పాలి కదా!

నాకు బుర్ర వెలిగింది అక్కడే. వార్డెన్ సార్ గదిలో మానిటర్ మూల 6:40 అని ఉంటే నా ఫోన్లో 6:29. మా హాస్టల్ వాట్సాప్ గ్రూపులో 'మళ్ళీ మోగింది రా బాబూ' అన్న మెసేజ్ టైము 2:14. కెమెరా లెక్కలో మావాడు నడిచింది కూడా 2:14కే, అంటే అసలు టైము 2:03. నీళ్ళు నింపుకుని వచ్చి పడుకున్నాకే అలారం మోగింది. కెమెరా 2:25 దగ్గర పెట్టి చూస్తే మెట్ల మీద టోపీ స్వెట్టర్ వేసుకున్నవాడెవడో దిగుతున్నాడు, మొహం కనిపించలేదు. సార్ వాళ్ళ నాన్నగారికి తనే ఫోన్ చేసి సారీ చెప్పారు. నొక్కినవాడు ఇప్పటికీ దొరకలేదు.

కొన్ని దేశాల్లో డబ్బా మీద కంటికి కనపడని పొడి రాస్తారు. తాకినవాడి చేతిని అల్ట్రావయొలెట్ లైటు కింద పెడితే మెరుస్తుంది. మన ఏసీబీ వాళ్ళు నోట్లకి ఫినాఫ్తలీన్ పూసి, లంచం తీసుకున్న చేతుల్ని సోడియం కార్బొనేట్ నీళ్ళలో ముంచితే గులాబీ రంగు వస్తుందే, అలాంటి ఆలోచనే. తాకాడని తెలుస్తుంది, ఎందుకు తాకాడో తెలీదు. నిజంగా మంట చూసి నొక్కినవాడి చెయ్యీ మెరుస్తుంది.

నాకు బాగా నచ్చింది మూత. పారదర్శకమైన ప్లాస్టిక్ మూత, ఎత్తగానే అది ఒక్కటే కీచుమని అరుస్తుంది. బిల్డింగ్ అలారం ఇంకా మోగదు, కానీ కారిడార్లో తలలన్నీ అటు తిరుగుతాయి. చిలిపిపని చేసేవాడికి కావలసింది ఎవరూ చూడకపోవడమే కదా. నిజంగా మంట చూసినవాడికి ఆ అరుపు అడ్డం కాదు.

ఇవన్నీ ఎందుకు, తాళం వేసేస్తే పోలేదా అన్నారు వార్డెన్ సార్. ఆ పని అమెరికాలో బోస్టన్ వాళ్ళు చేసి చూశారు. 1852లో టెలిగ్రాఫ్ తీగలతో ఊరంతటికీ ఫైర్ అలారం పెట్టిన మొదటి ఊరు అది. వీధి పెట్టె తన నంబరు తనే పంపేది (అడ్రసబుల్ ప్యానెల్‌కి తాత అన్నమాట). ఉత్తుత్తి అలారాల భయంతో పెట్టెలకి తాళాలు వేసి, చెవులు పోలీసులకీ కొందరు నమ్మకస్తులకీ ఇచ్చారు. 1872 నవంబర్ 9న మంటలు లేచినప్పుడు కబురు అందడం ఆలస్యమైంది. గుర్రాలకి జబ్బు చేసి ఉండటం ఇంకో కారణం. 776 భవనాలు కాలిపోయాయి.

తాళం లేకపోయినా జనం లేవకపోతే అదే గతి. మన సీనియర్లు చాలామంది ఎమ్మెస్‌కి వెళ్ళే న్యూజెర్సీలో సెటన్ హాల్ యూనివర్సిటీ ఉంది. 2000 జనవరి 19 తెల్లవారుజామున అక్కడి బోలండ్ హాల్ అనే హాస్టల్ లాంజ్‌లో మంటలు లేచాయి. అంతకుముందు సెమ్‌లోనే 18 ఉత్తుత్తి అలారాలు మోగి ఉండటంతో ఇదీ అలాంటిదేనని చాలామంది పడుకునే ఉన్నారు. నాన్నా పులి కథే. ముగ్గురు ఫస్టియర్ విద్యార్థులు చనిపోయారు, యాభైమందికి పైగా గాయపడ్డారు. ఇది చదివిన రాత్రి నాకు నా ముసుగు గుర్తొచ్చింది.

సెలవుల్లో మా కాల్ పాయింట్లకి మూతలు పెట్టారు. కెమెరా గడియారాన్ని ఇంటర్నెట్ టైముతో కలిపారు. ప్యానెల్ మాత్రం పాతదే. గత నెల మళ్ళీ మోగితే నేనూ రూమ్మేటూ దిగాం. దిగినవాళ్ళం నలభైమందిమి కూడా లేం. మూడో ఫ్లోర్‌లో ఎవరో బకెట్లో హీటర్ రాడ్ పెట్టి మర్చిపోయారట. బకెట్ కరిగి, రూమంతా పొగ.