సంస్థ నిర్మాణము – వెబ్‌సైటు స్వరూపము : ఒక పరిశీలన

కొన్నేళ్ల క్రితం సంక్రాంతికి మండవల్లి వెళ్లినప్పుడు, మా బాబాయి తన చేను కాగితాలు కంప్యూటర్లో చూసి పెట్టమన్నాడు. బ్యాంకు అప్పుకు కావాలట. అడంగల్, 1బి కోసం రెవెన్యూ వారి ‘మీ భూమి’ తెరిచాను. ఆ చేను మీద గతంలో జరిగిన రిజిస్ట్రేషన్లు తెలిపే ఈ.సి. మాత్రం అక్కడ లేదు; దానికి రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటుకు వెళ్లాలి. బాబాయి కాసేపు చూసి, “ఒరే అబ్బాయ్, చేను ఒకటే గదరా, దానికి రెండు గుమ్మాలేంటి?” అన్నాడు.

ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నేను వెతుక్కున్న సమాధానం.

మెల్విన్ కాన్వే అనే అమెరికన్ కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు 1968 ఏప్రిల్‌లో ‘డేటామేషన్’ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించాడు. అంతకుముందు హార్వర్డ్ బిజినెస్ రివ్యూ వారు ఋజువు చాలదని దానిని తిప్పి పంపారట! ఆయన చెప్పినదాని సారాంశం ఇది: ఏ సంస్థ ఒక వ్యవస్థను రూపొందించినా, ఆ సంస్థలో ఎవరు ఎవరితో మాట్లాడుకుంటారో ఆ అమరికే ఆ వ్యవస్థలోనూ కనబడుతుంది. ఆయన ఇచ్చిన ఉదాహరణ ముచ్చటైనది. ఒకచోట ఎనిమిది మందికి కోబాల్, ఆల్గాల్ కంపైలర్లు రెండూ తయారుచేసే పని పడింది. అయిదుగురిని మొదటిదానికి, ముగ్గురిని రెండవదానికి కేటాయించారు. తీరా చూస్తే కోబాల్ కంపైలర్ అయిదు దశల్లోను, ఆల్గాల్ కంపైలర్ మూడు దశల్లోను నడిచాయి! 1975లో ఫ్రెడ్ బ్రూక్స్ తన గ్రంథంలో దీనికి ‘కాన్వే సూత్రం’ అని పేరు పెట్టాడు.

ఇలా ఎందుకు జరుగుతుంది? రెండు భాగాలు అతకాలంటే, వాటిని చేసే ఇద్దరు ముందు కూర్చుని మాట్లాడుకోవాలి. అయిదుగురిలో ఇద్దరిద్దరు చొప్పున జతలు 10, పదిమందిలో 45, యాభై మందిలో 1225. అందరూ అందరితో మాట్లాడటం అయ్యే పని కాదు గనుక సంస్థ విభాగాలుగా విడిపోక తప్పదు. విడిపోయినచోట మాట తగ్గుతుంది. మాట తగ్గినచోట తెరమీద గోడ లేస్తుంది. కంపెనీలో అమ్మకాలవారు, బిల్లులవారు, మరమ్మతులవారు వేరువేరుగా ఉంటే, కొన్నవాడు తన చిరునామా మూడుసార్లు రాయవలసి వస్తుంది. ఆ మూడు విభాగాల సంగతి అతనికి ఎందుకు చెప్పండి?

మన భూమి రికార్డుల్లోనూ ఇంతే. జిల్లా, మండలం, గ్రామం, ఆ తర్వాతే సర్వే నంబరు: ఇది పరిపాలన మెట్ల వరుస. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడి, మండవల్లి కృష్ణా నుంచి అందులోకి వచ్చింది. ఊరు అంగుళం కదలలేదు. జిల్లా గడిలో ఎంచుకోవలసిన పేరు మాత్రం మారింది.

అయితే రెండు గుమ్మాలు కేవలం తెలివితక్కువ వల్ల వచ్చినవి కావు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం దస్తావేజును నమోదు చేస్తుంది. 1971 పట్టాదారు పాసుపుస్తకాల చట్టం హక్కుల రికార్డును చూస్తుంది. రెండు చట్టాలు, రెండు శాఖలు, రెండు వెబ్‌సైట్లు.

గోడ పడగొడితే ఏమవుతుందో పక్క రాష్ట్రం చూపింది. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ‘ధరణి’ మొదలైంది. అందుకు ముందు చట్టమే మార్చి, వ్యవసాయ భూములకు తహసీల్దారునే జాయింట్ సబ్‌రిజిస్ట్రారును చేశారు. అధికారి ఒకడయ్యాడు కాబట్టే రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే దఫాలో ముగిసే వీలు కలిగింది. కానీ తప్పులు దిద్దే అధికారం చాలావరకు కలెక్టరు దగ్గరే ఉంచారు. దాంతో దరఖాస్తులు అక్కడే గుట్టలు పడ్డాయి. 2024లో ఆ అధికారాలను తహసీల్దార్లకు, ఆర్.డి.ఓ.లకు పంచారు, 2025 ఏప్రిల్ 14న ‘భూ భారతి’ ప్రారంభమైంది. రెండు కార్యాలయాలను కలిపినప్పుడు తెర కలిసింది. అధికారం ఒకచోట బిగించినప్పుడు తెర కూడా అక్కడే బిగుసుకుంది. ఇందులో తప్పు ప్రోగ్రామరుదని అనగలమా?

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో ఎంతోమంది ఇటువంటి పనుల్లోనే చేరబోతున్నారు. నాకు తోచిన మూడు మాటలు చెబుతాను. మొదట, విభాగాల పట్టిక పక్కన పెట్టి, వచ్చేవాడి ప్రశ్నను అతని మాటల్లోనే రాసుకోండి. “నా చేను మీద అప్పు పుడుతుందా?” అన్నది ప్రశ్న, “ఈ.సి. విభాగం” అన్నది కాదు. రెండవది, ఆ ప్రశ్నకు సమాధానం దొరికే దారి ఒక జట్టు నుంచి మరో జట్టుకు ఎక్కడ దాటుతున్నదో గుర్తించి, ఆ దాటుకు ఒక మనిషిని బాధ్యుణ్ణి చేయండి. మూడవది, అయినా అతకకపోతే, తెర మార్చే ముందు జట్లను మార్చమని పెద్దలను అడగండి. ఇది కష్టమైన మాటే. కొత్తగా చేరినవాడి నోట మరీ కష్టం. కానీ అడగకపోతే రంగులు మారతాయి, గోడలు ఉండిపోతాయి.

ఆ రోజు మాత్రం నేను రెండు వెబ్‌సైట్ల కాగితాలూ అచ్చువేసి, ఒకే గుండుసూదితో కలిపి బాబాయి చేతికిచ్చాను. “ఈ సూదేదో వాళ్లే గుచ్చితే సరిపోయేది గదరా!” అన్నాడు. కాన్వే సూత్రం తెలియని బాబాయికి కూడా లోపం ఎక్కడుందో తెలిసింది. దిద్దవలసినవాళ్లం మనం.