దీపములోని సన్నని బావి

తిరువళ్లూరు నుండి అరక్కోణము మీదుగా తిరుత్తణికి రైలులో పోవువారు దారి పొడుగున ఎరుపు, పసుపు, ఆకుపచ్చ సంకేత దీపములను చూచుచుందురు. వానిలో తీగ లేదు, మంట లేదు. మరి వెలుగు ఎట్లు వచ్చుచున్నదని పిల్లలు అడుగుదురు. ఇట్టి ప్రశ్నకు ఇంటిభాషలో సమాధానము దొరకనిచో, భౌతికశాస్త్రము పరీక్షకై కంఠస్థము చేయవలసినదే యని వారు తలపోయుదురు. కావున తల్లిదండ్రులకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఎల్.ఇ.డి. దీపము అర్ధవాహక స్ఫటికముతో చేసినది. అందులో ఒక ప్రక్కనుండి ఎలక్ట్రానులును, రెండవ ప్రక్కనుండి ఎలక్ట్రానులు లేని ఖాళీలును వచ్చి కలియును. అప్పుడు విడుదలయగు శక్తియే వెలుగు. అవి చెదరిపోక ఒకచోట కలియుటకై రెండు పొరల నడుమ వేరొక పదార్థపు పొరను మిక్కిలి పలుచగా పెంచుదురు. దీనినే క్వాంటం బావి యందురు. నీలి దీపములో దీని మందము రెండు మూడు నానోమీటరులు మాత్రమే. తలవెండ్రుకను అడ్డముగా ముప్పదివేల భాగములు చేసినచో ఒక భాగమెంతయో అంత.

మన పొలములోని బావిని వెడల్పు చేసినను నీటి రంగు మారదు. ఈ బావి యట్లు కాదు. ఇరుకైన కొలది వెలుగు నీలము వైపునకును, వెడల్పైన కొలది ఎరుపు వైపునకును జరుగును. అయినను రంగును ముఖ్యముగా నిర్ణయించునది పదార్థమే. ఎరుపు, పసుపులకు అల్యూమినియము, గాలియము, ఇండియము, భాస్వరము కలిసిన స్ఫటికము కావలెను. నీలమునకు, ఆకుపచ్చకు ఇండియము కలిపిన గాలియము నైట్రైడు కావలెను.

కంటికి కనబడు ఎర్రని దీపమును అమెరికాలో నిక్ హోలోన్యాక్ 1962లోనే చేసెను. ప్రకాశవంతమైన నీలమునకు మరి ముప్పది యేండ్లు పట్టినది. నైట్రైడును నీలమణి పలకపై పెంచవలసి యుండెను. కాని రెంటి అణువుల ఎడములో సుమారు 16 శాతము తేడా కలదు. పడుగు దారముల ఎడము మగ్గపు అచ్చుతో సరిపడనిచో ఏమగునో పొదటూరుపేట నేతవారికి మేము చెప్పనక్కర లేదు. జపానులోని నగోయాలో ఇసాము అకసాకి, హిరోషి అమానోలు 1986లో నడుమ అల్యూమినియము నైట్రైడు పలుచని పొర పరచి మేలైన స్ఫటికమును పొందిరి. నిచియా సంస్థలో షూజి నకమూరా 1993లో ప్రకాశవంతమైన నీలి దీపమును వెలువరించి, 1995 నాటికి క్వాంటం బావులతో నీలమును, ఆకుపచ్చను సాధించెను.

నీలి దీపముపై పసుపు వెలుగునిచ్చు ఫాస్ఫర్ పూత పూసినచో తెల్లని వెలుగు వచ్చును. మన ఇండ్లలోని ఎల్.ఇ.డి. బల్బు సామాన్యముగా ఇదియే. ఆ మువ్వురికి నోబెలు బహుమానము 2014 అక్టోబరు 7న ప్రకటింపబడెను. ఐదు దినములకే, అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును చీకటిలో ముంచెను. పిదప ఆ నగరపు వీథులలో తొంబదివేలకు పైగా ఎల్.ఇ.డి. దీపములు అమర్చబడినవి.

ఆకుపచ్చ మాత్రము ఇంకను లొంగలేదు. ఆ రంగుకై ఇండియమును హెచ్చించిన కొలది స్ఫటికములో ఒత్తిడి పెరిగి, విద్యుత్తులో వెలుగుగా మారు భాగము తగ్గిపోవుచున్నది. రైలునకు దారి యిచ్చు ఆ ఆకుపచ్చ దీపము నీలి దీపమంత పొదుపుగా నేటికిని వెలుగుట లేదు.