ఫోటోలు, వీడియోలతో తెలుగు పాఠం

అమెరికాలో వారాంతపు తెలుగు బడి అంటే వారానికి రెండు గంటల చదువు. మిగతా ఆరు రోజులూ పిల్లలకు ఇంగ్లీషే. ఆ ఆరు రోజుల్లో ఒక్క నిమిషమైనా తెలుగు మాట్లాడించడానికి, పిల్లలు ఎలాగూ వదలని ఫోటో, వీడియో యాప్‌లను మనం వాడుకోవచ్చు.

ముందు జాగ్రత్తల సంగతి. ఇన్‌స్టాగ్రామ్ 2010లో వచ్చింది. 13 ఏళ్ళు నిండనివారు అందులో ఖాతా తెరవకూడదు. పిల్లల ఆన్‌లైన్ గోప్యత కోసం ఇక్కడ 2000 నుంచి చట్టమే ఉంది. దాని ప్రకారం 13 ఏళ్ళలోపు పిల్లల వివరాలు సేకరించాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. కాబట్టి పిల్లల పేర ఖాతాలు వద్దు. తల్లిదండ్రుల ఫోన్లలో తరగతికొక వాట్సాప్ గ్రూపు చాలు. యూట్యూబ్‌లో 'అన్‌లిస్టెడ్' అని పెట్టిన వీడియో వెతికితే దొరకదు గాని, లింకు అందినవారెవరైనా చూడగలరు. అది తాళం వేయడం కాదు, తలుపు దగ్గరికి వేయడమే!

ఇక పాఠం. చిన్న తరగతికి ఫోటో చాలు. ఇంట్లో 'ళ', 'ణ' పలికే వస్తువులు వెతికి ఫోటో తీయమనండి: పళ్ళెం, తాళం, కళ్ళజోడు, బాణలి. ఫోటోతో పాటు ఆ మాట పలికి పంపాలి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపితే ల, ళ ఒకటైపోతాయి, కష్టపడ్డ ఫలితం ఉండదు.

పెద్ద పిల్లలకు ముప్ఫై సెకన్ల వీడియో ఇవ్వండి. అది టీచరు కోసం కాదు, ఊళ్ళో ఉన్న అమ్మమ్మ కోసం. 'మేము', 'మనం' తేడా బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా పిల్లలకు ఎక్కదు. ఇంగ్లీషులో రెండింటికీ 'వియ్' ఒక్కటే కదా! "అమ్మమ్మా, నిన్న మనం గుడికి వెళ్ళాం" అని పిల్ల వీడియో పంపితే, "నేనెప్పుడు వచ్చానే?" అని అమ్మమ్మ నుంచి జవాబు వస్తుంది. ఆ ఒక్క ప్రశ్న పది వ్యాకరణ పాఠాల పెట్టు. మరుసటి వారం "వేసవిలో మనం కలిసి గుడికి వెళ్దాం" అనే వీడియో చేయించండి. చూసి చదివే పిల్లల సంగతి కళ్ళే చెబుతాయి. కాగితం మాన్పించి, రెండు వాక్యాలే చెప్పినా సరే అనండి.

పెద్దలకు ఒక మనవి. పిల్లల యాస విని ముచ్చటపడి, ఆ వీడియోను చుట్టాలందరికీ పంపేవారున్నారు. వారు నవ్వేది ముద్దుకే. పదేళ్ళ పిల్లకు మాత్రం అది వెక్కిరింతలాగే వినిపిస్తుంది, ఆపైన నోరు విప్పదు. బడికి పంపిన వీడియో బడిలోనే ఉండాలి. తప్పులు కూడా గ్రూపులో దిద్దవద్దు, తరగతిలో పక్కన కూర్చోబెట్టుకొని చెప్పండి.

ఏడాది చివర గ్రూపులోని వీడియోలన్నీ అందరూ తమ ఫోన్లలోంచి కూడా తీసివేయాలి. మొదటి వారానిదీ చివరి వారానిదీ మాత్రం ఎవరి పిల్లలవి వారు దాచుకోండి.