చదువుతో పాటు మనసుకూ పాఠం: తరగతి గదిలో స్నేహం నేర్పే పద్ధతులు

ఫీజు కట్టి, నోటు పుస్తకాలు, యూనిఫాం ఇప్పిస్తే పిల్లవాడు బడికి వస్తాడు. కానీ బడి మానకుండా కొనసాగాలంటే మరో రెండు కావాలి. తరగతిలో ఒక్క దోస్తైనా ఉండాలి. మనసులో బాధ కలిగినప్పుడు దాన్ని చెప్పుకోవడానికి మాట తెలియాలి. ఈ రెండూ లేని పిల్లలు మొదట వెనక బెంచీకి జరుగుతారు, తర్వాత గైర్హాజరవుతారు, చివరికి బడి మానేస్తారు. తరగతి గదుల్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న ఉపాధ్యాయులుగా మేము చూస్తున్న విషయం ఇది. పిల్లల చదువుకు చేయూతనిస్తున్న దాతలతో దీన్ని పంచుకోవాలనే ఈ వ్యాసం రాస్తున్నాం.

మన పిల్లల పరిస్థితి

మల్యాల, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఎన్నో ఇళ్లలో తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు. ఏళ్లకొకసారి సెలవు మీద వస్తాడు. ఇంటి దగ్గర తల్లి వెయ్యి బీడీల లెక్క పూర్తి చేయాలి. సిరిసిల్ల వైపైతే మరమగ్గాల పని. కడుపు నింపడానికే రోజు సరిపోతుంది. ఇక "ఇవాళ బడిలో ఏమైంది బిడ్డా?" అని అడిగే తీరిక ఎక్కడిది? వీడియో కాల్‌లో తండ్రి "మంచిగ చదువుతున్నవా?" అంటాడు. పిల్లవాడు "చదువుతున్న అబ్బా" అంటాడు. మాట అక్కడితో అయిపోతుంది.

దూరమైన మనిషి కోసం పడే బెంగను మన దగ్గర మనాది అంటారు, రంధి అంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఉదాస్ అంటారు. పెద్దలకు ఈ మాటలు తెలుసు. పిల్లలకు తెలిసింది రెండే: మంచిగుంది, మంచిగ లేదు. పేరు తెలియని బాధ వేరే రూపంలో బయటపడుతుంది. ఒకడు పక్కవాడి పెన్సిల్ విరుస్తాడు. ఒక అమ్మాయి రోజూ కడుపునొప్పి అంటుంది. ఇంకొకరు అసలు మాట్లాడటమే మానేస్తారు. కొట్టినా, తిట్టినా ఇవి తగ్గవు.

2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిన సంగతి మనలో ఎవరమూ మరచిపోలేదు. అలాంటి దుఃఖం ఏ ఇంటికైనా రావచ్చు. అమ్మనో, నాయనమ్మనో పోగొట్టుకున్న బిడ్డ మళ్లీ బడికి వచ్చిన రోజు పక్కన కూర్చునే పిల్లలు ఏం మాట్లాడాలి? "ఏడవకు" అనడం కన్నా "నీ పక్కన కూర్చుంటా" అనడం మేలని వారికి ముందే తెలిసి ఉండాలి. అది పాఠ్యపుస్తకంలో ఉండదు, తరగతిలో నేర్పాలి.

నేర్పితే వస్తుందా?

వస్తుందనే పరిశోధనలు చెబుతున్నాయి. 2011లో జోసెఫ్ డర్లక్, ఆయన సహచరులు ఇలాంటి 213 బడి కార్యక్రమాల ఫలితాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. వాటిలో పాల్గొన్న విద్యార్థులు 2,70,034 మంది. భావాలను గుర్తించడం, స్నేహంగా మెలగడం నేర్చిన పిల్లలు ప్రవర్తనలోనే కాక చదువులో కూడా 11 పర్సంటైల్ పాయింట్లు ముందుకు వెళ్లినట్టు తేలింది. మన దేశంలో 2018 జూలైలో ఢిల్లీ ప్రభుత్వం తన బడుల్లో నర్సరీ నుండి 8వ తరగతి వరకు హ్యాపీనెస్ కరికులమ్ పేరుతో ప్రత్యేక పీరియడ్ ప్రారంభించింది. 2020 జాతీయ విద్యావిధానం కూడా పిల్లల సామాజిక, భావోద్వేగ వికాసాన్ని చదువులో భాగంగానే చెప్పింది.

ప్రత్యేక పీరియడ్ లేకపోయినా రోజుకు పది నిమిషాలతో చేయగలిగిన కృత్యాలు కొన్ని ఇక్కడ ఇస్తున్నాం.

1. హాజరుతో పాటు ఒక మాట

హాజరు పిలిచేటప్పుడు "ప్రెజెంట్ సార్"కు బదులు పిల్లలు ఆ రోజు తమ మనసు ఎలా ఉందో ఒక్క మాటలో చెబుతారు. సంతోషం, భయం, చిరాకు, బేజారు... ఏదైనా సరే. నియమాలు మూడే. చెప్పడం ఇష్టం లేకపోతే "తర్వాత" అనవచ్చు. ఎవరూ నవ్వకూడదు. "ఎందుకు?" అని అందరి ముందు అడగకూడదు. మొదటి వారం అందరూ "మంచిగున్న" అనే అంటారు. తొందరపడవద్దు. ముందుగా ఉపాధ్యాయులు తమ మాట చెబితే పిల్లలకు ధైర్యం వస్తుంది. వరుసగా మూడు రోజులు భయం అన్న పిల్లను ఇంటర్వెల్‌లో పక్కకు పిలిచి మెల్లగా మాట్లాడాలి.

2. మాటల గోడ

గోడ మీద ఒక చార్టు అంటించి, భావాల పేర్లను తెలుగులో, ఉర్దూలో పక్కపక్కన రాయిస్తాం. కోపం పక్కన గుస్సా, భయం పక్కన డర్, సిగ్గు పక్కన షరమ్. తర్వాత వాటిని మెట్ల వరుసలో పెట్టిస్తాం. చిరాకు, కోపం, పట్టరాని కోపం: వీటిలో నువ్వు ఏ మెట్టు మీదున్నావు? ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లవాడు తన మాటను తరగతి గోడ మీద చూసుకుంటే ఇది నా బడి కూడా అనుకుంటాడు. తెలుగు పిల్లలు ఆ మాట నేర్చుకుంటారు. రెండు వైపులా ఒక తలుపు తెరుచుకుంటుంది.

3. ఆగు, కూర్చో, చెప్పు

గొడవ రేగినప్పుడు మొదట ఆగాలి, తర్వాత కూర్చుని నీళ్లు తాగాలి, ఆ తర్వాతే మాట్లాడాలి. మాట్లాడే తీరు కూడా నేర్పుతాం. "నువ్వు దొంగవి" అనకుండా, "నువ్వు అడగకుండా నా స్కేలు తీసుకుంటే నాకు కోపం వచ్చింది, ఈసారి అడిగి తీసుకో" అనాలి. జరిగిందేమిటి, నాకేమనిపించింది, ఇకముందు ఏం కావాలి అనే మూడు ముక్కలు అందులో ఉన్నాయి. కోపం వస్తే నిలబడి ఉన్నవారు కూర్చోవాలని, కుస్తీలో గెలిచినవాడి కన్నా కోపాన్ని అదుపులో పెట్టుకున్నవాడే బలవంతుడని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) చేసిన బోధ మన పిల్లలకు మదర్సాలో వినిపిస్తుంది. దాన్ని ఆటస్థలంలో ఆచరించి చూపే అవకాశం బడి ఇస్తుంది.

4. ముక్కల పాఠం

1971లో అమెరికాలోని ఆస్టిన్ నగర బడుల్లో నల్లజాతి, తెల్లజాతి పిల్లలను మొదటిసారి ఒకే తరగతిలో కూర్చోబెట్టినప్పుడు గొడవలు పెరిగాయి. ఎలియట్ అరాన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చారు. ఒకరి ముక్క మరొకరు వింటేనే పాఠం పూర్తవుతుంది. ఒకరినొకరు వినక తప్పలేదు, వింటూ వింటూ దగ్గరయ్యారు.

మన దగ్గర దీన్ని సులభంగా చేయవచ్చు. నలుగురేసి పిల్లలను జట్టుగా చేసి ఒకరికి ధర్మపురి దగ్గరి గోదావరి, ఒకరికి కొండగట్టు, ఒకరికి సిరిసిల్ల మరమగ్గాలు, ఒకరికి 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడిన సంగతి ఇవ్వాలి. చదివి మిగతా ముగ్గురికి చెప్పాలి. జట్టులో రకరకాల పిల్లలు ఉండేలా చూడాలి. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల చెప్పేదాన్ని ముగ్గురు శ్రద్ధగా వింటుంటే ఆ పిల్ల ముఖం చూడాలి!

5. పేరు, కటీఫ్, సలాం

రంగును బట్టి, నడకను బట్టి, తండ్రి పనిని బట్టి పెట్టే వెక్కిరింపు పేర్లు స్నేహాన్ని తినేస్తాయి. ఒక రోజు ప్రతి ఒక్కరూ "నన్ను ఇలా పిలవండి" అని చెబుతారు. అందరూ అలాగే పిలవాలి. ఎదుటివారిని వెక్కిరించవద్దని, చెడ్డ పేర్లతో పిలవవద్దని దివ్య ఖుర్‌ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా 11వ ఆయతు బోధిస్తుంది. ఇక పిల్లలన్నాక కటీఫ్ చెప్పుకుంటారు. తోటివారితో మూడు రోజులకు మించి మాట మానవద్దని, ముందుగా సలాం చెప్పినవారే మేలైనవారని హదీసు బోధ. నమస్తే అయినా, సలాం అయినా, ముందు పలకరించినవారికి తరగతి అంతా చప్పట్లు కొడుతుంది. ఓడిపోయాననే భావన పోతుంది.

6. చెప్పని మాటల డబ్బా

ఫోన్‌లో చెప్పలేనిది పిల్లలు కాగితం మీద రాసి లేదా బొమ్మ గీసి డబ్బాలో వేస్తారు. "సార్ చదవొచ్చు" అని రాసినవే మేము చదువుతాం. ఎవరైనా తమను కొడుతున్నారని, వేధిస్తున్నారని పిల్లలు చెబితే ఆ మాటను మనలోనే దాచుకోకూడదు. ప్రధానోపాధ్యాయులకు తెలిపి, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలి.

దాతలకు మా విన్నపం

ఈ కృత్యాలకు చార్టులు, రంగులు, ఒక డబ్బా తప్ప పెద్ద ఖర్చు లేదు. అవసరమైంది ఉపాధ్యాయులకు సెలవు దినాల్లో ఒకటి రెండు రోజుల శిక్షణ, తరగతికి కొన్ని బొమ్మల కథల పుస్తకాలు. సొసైటీ తన విద్యా సహాయంలో వీటికీ కొంత కేటాయిస్తే బాగుంటుంది.

మరొక మాట వినయంగా చెబుతున్నాం. సాయం అందే తీరు కూడా పిల్లల మనసుకు ఒక పాఠమే. వేదిక మీదికి పిలిచి, పేరు చదివి, బ్యాగు చేతికిచ్చి ఫోటో తీస్తే పెద్దలకు సంతోషం. మరునాడు తరగతిలో "అది ఫ్రీ బ్యాగ్ కదా" అన్న మాట పడేది ఆ బిడ్డకు. బ్యాగు బాగున్నా దాన్ని ఇంట్లో వదిలి వచ్చే పిల్లలుంటారు. దానాన్ని దెప్పి, మనసు నొప్పించి వ్యర్థం చేసుకోవద్దని అల్ బఖరా సూరా 264వ ఆయతు హెచ్చరిస్తుంది. బహిరంగంగా ఇవ్వడం మంచిదే, పేదలకు గోప్యంగా అందించడం మరింత మేలని అదే సూరా 271వ ఆయతు చెబుతుంది. కాబట్టి వస్తువులను బడికి అప్పగిస్తే ఎవరికి ఏది అవసరమో చూసి మేము నిశ్శబ్దంగా అందజేస్తాం. లెక్క సొసైటీకి పూర్తిగా అప్పగిస్తాం. వేదిక మీద ఫోటో కావాలంటే, పిల్లలు గీసిన బొమ్మలతో, వారి మాటల గోడతో తీసుకుందాం.

మీరు బడికి వచ్చినప్పుడు "ఎన్ని మార్కులు?" అని తప్పకుండా అడగండి. దానితో పాటు "నీ దోస్తు ఎవరు?" అని కూడా అడగండి. పిల్లవాడు వెంటనే ఒక పేరు చెప్పాడంటే మీరు కట్టిన ఫీజు వృథా పోలేదన్నమాట.

మన పిల్లలకు విద్యతో పాటు మంచి మనసును, మంచి స్నేహాలను అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.